లవ్వాల్ సాయిబు రాని ఆట

పోయిన చలికాలం కంటి పరీక్షకని నంద్యాలకు వెళ్లినప్పుడు, డాక్టరు దగ్గర పని అయ్యాక, నేను పుట్టినప్పటినుంచీ ఒక్కసారి కూడా చూడని ఒక చోటును వెతుక్కుంటూ పోయాను. చూడని చోటుకు గుర్తులేముంటాయని అనుకోకండి. నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. పాత కాలేజీ కట్టడానికి వెనక, పడమటి పక్క రెండు వేపచెట్లు, తూర్పున జట్కాలు నిలిపే ఖాళీ జాగా, నడుమ గరుసు పోసి గట్టిగా కొట్టించిన బ్యాడ్మింటన్ కోర్టు, పెద్దవాళ్లు కూర్చోవడానికి ఉత్తరం దిక్కున నాపరాళ్ల అరుగు. ఆటో నడిపే అబ్బాయికి ఇవన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. అతను నన్ను ట్రాక్టరు సామాన్లు అమ్మే అంగళ్ల వరస ముందు దించి, నేను చెప్పిన జాగా ఇదేనని, చెట్లూ అరుగులూ తనకు బుద్ధి తెలిసినప్పటినుంచీ లేవని అన్నాడు. ఎండలో కాసేపు నిలబడ్డాను. కోర్టు పోయిందని నాకేమీ దిగులు కలగలేదు. అది ఉన్ననాడు నన్ను రానివ్వలేదు, పోయిననాడు నేనెందుకు ఏడవాలి? నా ఏడుపు వేరే. ఆ కోర్టులో ఆడిన ఒక ఆటను, ఆటంటే చీపురుపుల్లంత లెక్కలేని మనిషి చూసింది, నేను చూడలేదు. ఎనభై దాటినా ఆ కడుపుమంట ఆరలేదు. ఆర్పుకోవాలని నేను పెద్దగా ప్రయత్నించిందీ లేదు.

ఇప్పటి పిల్లలకు బ్యాడ్మింటన్ అంటే ఈకల బంతి, చల్లటి హాలు. మా రోజుల్లో నంద్యాలలో బ్యాడ్మింటన్ అంటే పసుపుపచ్చటి ఉన్నిబంతి, ఆరుబయట నేల, వలకు అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. మా అన్న ఓబులేసు కాలేజీలో చదివేవాడు. ఆడేవాడు కాదు. బ్యాటు చేతికిస్తే బంతి వల దాటడం మాట దేవుడెరుగు, ఎదురింటి మిద్దె ఎక్కి కూర్చునేది. కానీ ఆట చూడడంలో అతన్ని మించినవాడు ఊళ్లో లేడు. కాలేజీ జట్టు కర్నూలుకు పోయినా, బనగానపల్లెకు పోయినా, బస్సులో చోటు లేకపోతే టాపు మీద కూర్చునైనా సరే, అన్న వెంట పోవలసిందే. అతనికి తోడు జయానందం. మిషను బడి పంతులుగారి కొడుకు, అన్న క్లాసువాడే. వాళ్లిద్దరి వెనక ఇంకో నలుగురు. ఆడేవాళ్లు ఐదుగురైతే ఆరోవాళ్లం మేమని చెప్పుకుని తిరిగేవాళ్లు. ఊళ్లోవాళ్లు మాత్రం వాళ్లను ‘పనిలేనోళ్ల జట్టు’ అనేవాళ్లు. మా నాయన కూడా అదే మాట అనేవాడు, కాకపోతే అన్న వినేలా అనేవాడు కాదు.

నంద్యాల నేల నల్లరేగడి. తొలి వాన పడ్డాక అందులో కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోయి కాలు ఒక్కటే పైకొచ్చేది. కోర్టు మీద ఎంత గరుసు పోసినా అడుగున రేగడి ఊరుకునేది కాదు. తడికి ఉబ్బేది, ఎండకు పగిలేది. ఉన్నిబంతి ఒకసారి తడిసిందంటే నానిన పిండిముద్దే, బ్యాటుకు తగిలితే చేయి నొప్పి పుట్టడం తప్ప అటు పోయేది కాదు. అందువల్ల వానలు మొదలైంది మొదలు దీపావళి పోయేదాకా ఆట బందు. ఊళ్లో రైతులందరూ వాన కోసం ఆకాశం వంక చూస్తుంటే, మా అన్న ఒక్కడే మేఘం కనబడితే మొహం మాడ్చుకునేవాడు. దొర్నిపాడు దగ్గర మాకు చేను ఉండేది. కొర్ర మొలకెత్తిందన్న సంతోషంలో నాయన ఇంటికొస్తే, అన్న పంచలో గడ్డం కింద చేయి పెట్టుకుని, చావు కబురు విన్నవాడిలా కూర్చుని ఉండేవాడు. అది చూసి నాయనకు ఒళ్లు మండేది.

మాది మట్టిమిద్దె. వానాకాలం ముందు మనుషులను పెట్టించి పైన కొత్తగా చవుడు మట్టి పోయించేవాడు నాయన. అయినా ఎక్కడో ఒకచోట కారేది. కారే చోటల్లా గిన్నెలు, చెంబులు, చివరికి ఇత్తడి తాంబాళం కూడా పెట్టేవాళ్లం. ఒక్కో పాత్రది ఒక్కో చప్పుడు. నాయన గోనెసంచిని తలమీదుగా కప్పుకుని, చుట్ట నోట్లో పెట్టుకుని, వానలోనే మిద్దె ఎక్కి కాలితో చవుడు అదిమేవాడు. చుట్ట ఆరిపోయేది, తిట్లు మాత్రం ఆరేవి కావు. ఇల్లంతా తడిగోడల వాసన, పొగచూరిన కట్టెల వాసన, దాంట్లో కలిసి బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, వేయించే వాసన. ఆ బుడ్డలు వేయించేది నేను. పంచలో కూర్చున్న పనిలేనోళ్ల జట్టు సాయంత్రం అయ్యేసరికి మూకుళ్లకు మూకుళ్లు ఖాళీ చేసేవాళ్లు. బుడ్డల పొట్టు ఊడ్చేది కూడా నేనే.

నేను పెద్దమనిషినైన ఏడే నా బడి మాన్పించారు. మగపిల్లలు ఉన్నప్పుడు పంచలోకి పోకూడదు. పంచకూ నడవకూ మధ్య తలుపు ఉండేది. దానికి ఇవతల మా జేజి, అంటే నాయన తల్లి, కాళ్లు చాపుకుని ఆముదాలు వొలుచుకుంటూనో వక్క నములుకుంటూనో కూర్చునేది. ఆమె పక్కన నేను. తలుపు అరచేయి మందాన తెరిచి ఉండేది. నాకు తెలిసిన బ్యాడ్మింటన్ అంతా ఆ సందులోంచి వచ్చిందే. ఆడడానికి లేకపోతే ఆ పిచ్చివాళ్లు ఏంచేసేవాళ్లనుకున్నారు? పోయిన ఆటలను మళ్లీ ఆడేవాళ్లు, నోటితో. ప్రతి ఆటా ఒకేలా మొదలయ్యేది. వల కట్టిరి, ఇరుజట్లూ నిలబడె, అంపైరు ‘లవ్వాల్’ అనె, ఇంక చూడు నా సామి రంగా అని అందుకునేవాడు అన్న. బంతి ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి పోయిందో, ఎవరు ముందుకు ఉరికాడో, ఎవరు కాలు జారాడో, గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. నడుమ ఎక్కడో మరిచిపోయేవాడు. అప్పుడు తలుపు వైపు తిరిగి, ‘చెంచూ, కర్నూలోళ్ల ఆటలో రెండో గేము ఆఖరి బంతి యాడ పడె?’ అని కేకేసేవాడు.

నా పేరు చెంచులక్ష్మి. ఆళ్లగడ్డ వైపు, ఓబులం నరసింహస్వామిని నమ్ముకున్న ఇళ్లలో మగపిల్లలకు ఓబులేసు, ఆడపిల్లలకు చెంచులక్ష్మి పేర్లు మామూలే. అన్న కేకేయగానే నేను తలుపు చాటునుంచి ఠక్కున చెప్పేదాన్ని. బంతి ఎడమ మూలన పడింది, గీత మీద సున్నం లేచింది, అంపైరు మొదట అవుటన్నాడు, తర్వాత మాట మార్చుకున్నాడు. ఒక్కసారి విన్నది నాకు మనసులో అచ్చుపడిపోయేది. పంచలో ఎవరో ‘అబ్బ, ఈ పిల్ల ఉంటే కితాబు ఉన్నట్టేనప్పా’ అనేవాళ్లు. ఆ మాటకు నాకు ఎంత పొంగో చెప్పలేను. కోర్టు చూడకపోతేనేం, ఆట నాదే అనిపించేది. ఒకసారి అన్న జట్టువాళ్లను బతిమాలి ఒక పాత బంతి తెచ్చుకున్నాడు. ఉన్ని రేగిపోయి, సున్నమూ చెమటా కలిసిన వాసన వేసేది. అన్న లేనప్పుడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేదాన్ని.

చెప్పిన ఆటలే ఎన్నిసార్లు చెప్పుకుంటారు? శ్రావణమాసం వచ్చేసరికి కథలు అయిపోయేవి. అప్పుడు జయానందం ఇంటినుంచి హార్మోనియం తెచ్చేవాడు. తడవకుండా దానికి తన దుప్పటి చుట్టి, తను తడుస్తూ వచ్చేవాడు. అతనికి వాళ్ల చర్చి పాటలెన్ని వచ్చో మా చెక్కభజన పాటలూ అన్నే వచ్చు. ఒకదాని వరసలో ఇంకోదాన్ని పాడి అందరినీ నవ్వించేవాడు. పాటల మధ్యలో ఊళ్ల కథలు. ఇది కూడా జయానందం అంటించిన పిచ్చే. ఏ ఊరి పేరు విన్నా అది ఎట్లా వచ్చిందో తేలేదాకా అతనికి నిద్రపట్టదు. వెలుగోడు అనే పేరు వెలుగు నుంచి వచ్చిందని అతను, కాదు వెలగచెట్ల నుంచి వచ్చిందని మా అన్న, ఒక సాయంత్రమంతా కొట్టుకున్నారు. వెలుగోడు చూసినవాడు ఆ ఇద్దరిలో ఎవడూ లేడు. చివరికి తీర్పు కోసం మా జేజిని అడిగేవాళ్లు. జేజి జయానందానికి కాఫీ ఇచ్చేటప్పుడు వేరే గ్లాసు ఇచ్చేది, అతను దాన్ని కడిగి పంచ గూట్లో పెట్టిపోయేవాడు. అదే జేజి అతను అడిగిందానికల్లా మనవడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పేది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇమిడాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అప్పుడు మాత్రం ఆ గ్లాసు వేరేదని నాకు తోచనే లేదు.

జేజి పుట్టిల్లు ఆళ్లగడ్డ దగ్గర పల్లె. పారువేటకు ఓబులం స్వామి పల్లకి ఊరూరా తిరిగి వాళ్ల ఊరికీ వచ్చేది. స్వామి చెంచుల ఆడపడుచును పెళ్లాడి, ఆ పెళ్లికి అందరినీ పిలవడానికి తానే బయల్దేరాడని కథ. వాళ్ల ఊళ్లో పల్లకి లేపే ముందు ఒక పద్ధతి ఉండేదట. ఎప్పుడో ఎవరో మొదట భుజం పెట్టిన పెద్దమనిషి పేరు గట్టిగా పిలవాలి. ఆయన చచ్చి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలియదు. అయినా పిలవాల్సిందే, పిలిచి ఒక్క క్షణం ఆగాల్సిందే, ఆ తర్వాతే పల్లకి లేస్తుంది. ఈ సంగతి జయానందానికి ఎంతో నచ్చింది. నాకూ నచ్చింది. ఆ నచ్చడమే తర్వాత నా కొంప ముంచింది.

ఆ ఏడు వానల్లోనే సరోజ దిగింది. ఆళ్లగడ్డలో ఉన్న మా మేనత్త కూతురు, నాకంటే ఏడాది పెద్ద, నాకు వదిన వరస. మేనత్తకు ఒంట్లో బాగాలేక కొన్నాళ్లు మా ఇంట్లో ఉంచారు. తెల్లగా, నాజూగ్గా ఉండేది, పని చెబితే రెండుసార్లు చెప్పించుకునేది. కానీ పాడిందంటే, ఏం చెప్పను, గిన్నెల్లో పడే వానచుక్కలు కూడా ఆగి వినాలి. వచ్చిన మొదటి వారమే నడవలో కూర్చుని ఏదో కూనిరాగం తీస్తుంటే పంచలో హార్మోనియం ఠక్కున ఆగింది. కాసేపటికి సన్నగా అదే రాగం అందుకుంది. ఆ రోజునుంచి అన్న తలుపు వైపు తిరిగి కేకేసే పేరు మారింది. ‘సరోజా, ఇంగొకటి పాడు’ అనేవాడు. జేజి కూడా కూతురి కూతురని ఆమె తల నిమిరి పక్కన కూర్చోబెట్టుకునేది. తలుపు సందు దగ్గర నా చోటు సరోజది అయింది. నేను పొయ్యి దగ్గరికి జరిగాను. అక్కడినుంచి మాటలు సగమే వినిపించేవి. బుడ్డలు మాడిపోతున్నా కలపకుండా చెవి అటే పెట్టేదాన్ని. మాడినవి ఏరి సరోజ పళ్లెంలో వేసేదాన్ని. ఆమె అవి కూడా ఇష్టంగానే నమిలేది, అదొక మంట.

జేజి చెప్పిన పారువేట కథను జయానందం పాటగా కట్టాడు. స్వామి చెంచుపిల్లను పెళ్లాడాడని తెలిసి ఆదిలక్ష్మి కోపంతో తలుపు వేసుకుంటుంది. బయట చెంచులక్ష్మి, లోపల ఆదిలక్ష్మి, ఇద్దరి మధ్య మాటకు మాట. చెక్కభజన వరస. ఆడపిల్లలిద్దరూ లోపలినుంచే పాడాలని, తాము పంచలో చెక్కలు వేస్తామని అన్న తీర్మానించాడు. పేరు నాది కాబట్టి చెంచులక్ష్మి పాట నాదేనని నేను గొంతు సవరించుకుని కూర్చున్నాను. అడవిలో తిరిగి, నవ్వి, ఆడి, స్వామిని గెలుచుకునే పాట అది, తియ్యగా ఉంటుంది. అన్న దాన్ని సరోజకిచ్చాడు. తలుపు వేసుకుని ఏడ్చే సవతి పాట నాకిచ్చాడు. ‘నీ గొంతుకు అదే సరిపోతాదిలే’ అన్నాడు. నేను ఎంత కసిగా పాడానంటే, పంచలో చెక్కలు వేసేవాళ్లు తాళం తప్పారు. తర్వాత జయానందం ఆదిలక్ష్మిని కళ్లారా చూసినట్టుందని మెచ్చుకున్నాడు. మెచ్చుకోడా మరి? పాడింది సవతే కదా.

దీపావళి పోయింది. రేగడి ఆరింది, కోర్టుకు కొత్త గరుసు పడింది, కర్నూలు జట్టు వస్తోందని ఊరంతా ఒకటే మాట. మా వీధి చివర కాలేజీ లెక్చరరుగారి కాపురం ఉండేది. ఆయన భార్య జట్కా కట్టించుకుని ఆటకు పోతుందని, నాపరాళ్ల అరుగు మీద ఆడవాళ్లకు చాప వేస్తారని అన్నకు తెలిసింది. పోయి ఆమెను అడిగాడు. జట్కాలో ఒక్కరికి చోటుందని ఆమె అంది. నాయన చుట్ట కాల్చుకుంటూ చాలాసేపు ఆలోచించి, పెద్దింటి ఆడమనిషి వెంట కాబట్టి సరేనన్నాడు. ఒక్కరు. ఆ ఒక్కరు నేనేనని నాకు అనుమానమే లేదు. అన్నకు ప్రతి బంతీ గుర్తుచేసిపెట్టింది నేను. సరోజకు బంతి రంగు కూడా తెలియదు. ఉతికిన లంగా ఓణీ మడతపెట్టి దిండు కింద పెట్టుకున్నాను. రాత్రిళ్లు కళ్లు మూసుకుంటే పసుపుపచ్చ బంతి ఎగురుతూ కనబడేది.

ఆట అనుకున్న రోజు పొద్దున్నే ముసురు పట్టింది. సాయంత్రానికి తెరిపిచ్చింది గానీ ఆట జరగలేదు, వాయిదా వేశారు. కాలేజీ నుంచి అందరూ నీరసంగా మా పంచకు వచ్చి కూలబడ్డారు. అన్న ఒకటే సణుగుడు. వల కట్టిరి, కర్నూలోళ్లు వచ్చి కూర్చునిరి, నేల కూడా ఆరె, మరి ఎందుకు మొదలుపెట్టలేదో ఆ పెద్దోళ్లకే తెలియాలి అని. ఎవరికీ కారణం తోచడం లేదు. తోచనిది చెప్పడానికే కదా నేనున్నది! చాలా రోజుల తర్వాత నా చోటు నాకు దొరికిందనిపించింది. పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి, సరోజను పక్కకు నెట్టి, తలుపు సందులోంచి చెప్పాను.

‘లవ్వాల్ సాయిబు రాలేదేమోన్నా. ఆయప్ప రాకుంటే యాడ మొదలుపెడతారు?’

‘ఎవురు?’ అన్నాడు అన్న.

‘అదే, అంపైరు ఫస్టు పిలుస్తాడు కదా. లవ్వాల్ అని. ఆయప్ప.’

మీరూ నవ్వుతారు, నవ్వండి. అది ‘లవ్ ఆల్’ అని, రెండు పక్కలా సున్నా, ఇక ఆడండి అని అంపైరు ఇంగ్లీషులో చెప్పే మాట అని నాకెవరు చెప్పారు? నేను విన్న ప్రతి ఆటా ఆ పిలుపుతోనే మొదలయ్యేది. మా వైపు గురువును పిలవనిదే చెక్కభజన మొదలు కాదు. చచ్చినవాడి పేరైనా సరే పిలవనిదే పల్లకి లేవదు. మా వీధిలో లాల్ సాయిబు ఉన్నట్టే కాలేజీ దగ్గర లవ్వాల్ సాయిబు ఉన్నాడనుకున్నాను. తెల్లగడ్డం, పచ్చ తలపాగా, చేతికర్ర, అన్నీ పెట్టుకున్నాను ఆయనకు. ఆయన అరుగు మీద కూర్చుని తలూపితే బంతి లేస్తుందని ఇన్నేళ్లూ మనసులో చూసుకున్నాను. జయానందం నవ్వలేక హార్మోనియం మీద వాలిపోతే దాని మెట్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. నా పక్కన సరోజ కొంగు నోట్లో కుక్కుకుంది. జేజికి సంగతి అర్థం కాకపోయినా అందరూ నవ్వుతున్నారని నవ్వింది. అన్న కళ్ల నీళ్లు తుడుచుకుంటూ లేచాడు.

‘దీన్ని పిల్చుకపోతే లెక్చరరుగారి పెండ్లాం ముందర లవ్వాల్ సాయిబు యాడుండాడని అడుగుతాది. నా మానం పోతాది. సరోజనే పిల్చుకపోతా.’

అంతే. ఒక్క మాటతో పోయింది. నేను ఏడ్చాను, అన్నం మానేశాను, జేజి చేత చెప్పించాను. అన్న బాగానే నవ్వాడు కానీ మాట మార్చుకోలేదు. రెండు రోజులకు ఆట పెట్టారు. సరోజ తలనిండా కనకాంబరాలు పెట్టుకుని, ఎక్కడికి పోతున్నానో ఏమోనన్నట్టు అమాయకంగా మొహం పెట్టి జట్కా ఎక్కింది. నా ఓణీ ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. ఆ సాయంత్రమంతా మిద్దెమీద నిలబడ్డాను. గాలి అటునుంచి వీచినప్పుడు కేకలు వినిపించేవి. ఎవరి జట్టుకు కేకలేస్తున్నారో తెలియకుండా కేకలు వినడం కంటే చెవిటిదానిగా పుట్టడం మేలనిపించింది.

ఆ పూట మనవాళ్లు ఓడిపోయారు. దీపాలు పెట్టే వేళకు అందరూ పంచలో చేరి ఆటంతా మొదటినుంచి చెప్పుకున్నారు. వినకూడదని ఒట్టు పెట్టుకుని, ఒక్క ముక్క వదలకుండా విన్నాను. సరోజ లోపలికొచ్చి పూలు తీసి చేటలో పెట్టి, కాళ్లు నొప్పులని పడుకుంది. ఎట్లా ఉందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత అన్న ఎవరికో ఆ ఆట చెబుతూ ఆఖరి బంతి దగ్గర ఆగి, అలవాటుగా నన్ను పిలిచాడు. పలకలేదు. సరోజను అడిగాడు. తనకు గుర్తులేదంది. ‘దానికి యాడ తెలుస్తాదిలే’ అన్నాడు అన్న, ఎంత ముద్దుగా అన్నాడంటే, ఆ మాటకు నా ఒళ్లంతా కారం రాసినట్టయింది. నేను గుర్తుపెట్టుకుంటే మెప్పు, ఆమె మరిచిపోతే ముద్దు! ఆ తర్వాత అన్న తప్పు చెప్పడం మొదలుపెట్టాడు. బంతి వలను తాకకుండానే పడిందట. అది మాత్రం నావల్ల కాలేదు. బంతి వల అంచును తాకి, పైకి లేచి, అటు పడాల్సింది ఇటు పడిందని లోపలినుంచి అరిచాను. పంచలో అందరూ అవునవునన్నారు. ‘లవ్వాల్ సాయిబే చెప్పిండాడప్పా, ఇంగ తిరుగు లేదు’ అన్నాడు జయానందం. ఆ పేరు నాకు పెళ్లయ్యేదాకా ఉండిపోయింది.

మరుసటి ఏడు సరోజకూ అన్నకూ పెళ్లయింది. అది అందరికీ ముందే తెలుసట, నాకే తెలియదు. నన్ను బనగానపల్లెకు ఇచ్చారు. మామిడితోటలున్న ఇల్లు, మంచివాళ్లే, కానీ సాయంత్రాలు ఎవరూ ఏ కథా చెప్పుకునేవాళ్లు కాదు, కాయల ధరలు తప్ప. ఇప్పుడు నా మనవరాలు నిక్కరు వేసుకుని ఈకల బంతి ఆడుతుంది, ఊళ్లు తిరుగుతుంది, కప్పులు తెస్తుంది. దాన్ని చూసినా నాకు కుళ్లే, దాచుకోవడమెందుకు. దానికి వానాకాలమని ఆట ఆగదు. ఆడిన ఆట ఫోనులో మళ్లీ వస్తుంది, ఆగమన్నచోట ఆగుతుంది. ఏమైందే అని అడిగితే, ఫోను నా చేతికిచ్చి పోతుంది. నాకు కనబడేది తక్కువ. నోటితో చెప్పవే అంటే చెప్పడం దానికి రాదు. చూసినవాళ్లు పెరిగి చెప్పేవాళ్లు పోయారు. మా కాలం మంచిదని నేననను. తలుపు చాటున కూర్చున్నదాన్ని నేనెట్లా అంటాను? కానీ ఆ చాటున నాకు అందినంత ఆట, ఎదురుగా కూర్చున్నా ఇప్పుడు అందడం లేదు.

నంద్యాల నుంచి ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఆళ్లగడ్డకు పోయాను. పెళ్లయిన కొత్తలోనే అన్న అత్తగారి ఆస్తి చూసుకోవడానికి అక్కడ స్థిరపడ్డాడు. అతను పోయి చాలా కాలమైంది. సరోజ వదిన ఒక్కతే మంచం మీద ఒరిగి ఉంది. మనిషి సగమైంది, గొంతు అట్లాగే ఉంది. మంచీచెడ్డా అయ్యాక, జన్మంతా అడగనిది, ఇప్పుడు అడక్కపోతే ఇక అడగలేనని, అడిగేశాను. ‘వదినా, ఆ పొద్దు కర్నూలోళ్లతో ఆట ఎట్లుండె?’

ఏ ఆట అంది. జట్కా, లెక్చరరుగారి భార్య, కనకాంబరాలు, అన్నీ గుర్తుచేయాల్సి వచ్చింది. చాలాసేపటికి ఆమె మొహం విచ్చుకుంది.

‘నేను ఆట యాడ చూస్తినే,’ అంది. ‘మీ అన్న ఆట చూస్తాంటే, నేను మీ అన్నను చూస్తాంటి. బంతి అటు పోతే ఆయన తల అటు పోయె, ఇటొస్తే ఇటొచ్చె. ఆడేటోళ్ల కంటే ఆయనకే శానా చెమట పట్టె. పొద్దుగూకేదాకా నాకు అదే పని.’ దిండు సవరించుకుని, ‘ఇంతకూ ఎవురు గెలిచిరి?’ అని అడిగింది.

చెప్పాను. ఆమె ఎదురుగా జరిగిన ఆటను, ఆమెకు, నేను చెప్పాను. వల కట్టింది మొదలు ఆఖరి బంతి అంచును తాకి ఇటు పడేదాకా ఒక్కటీ వదల్లేదు. కొత్త కథ విన్నట్టు విన్నది. ఓడిపోయారంటే అయ్యో అంది. అంతా అయ్యాక నా చేయి తట్టి, బాగా చెప్పానని మెచ్చుకుంది.

‘అంతా చెప్తివి గానీ,’ అంది, ‘ఆ పొద్దు మీ అన్న ఏ అంగీ తొడుక్కొనుండెనో చెప్పు చూద్దాం.’

నాకు తెలియదు. పంచలో ఎవరూ ఆ సంగతి చెప్పుకోలేదు. ఇన్నేళ్లూ ఆట మీద పెట్టుకున్న ఏడుపంతా అక్కడికక్కడే ఆ అంగీ మీదికి మళ్లింది. ఏ అంగీయో చెప్పమని అడిగాను, చేయి పట్టుకుని బతిమాలాను. వదిన నవ్వి అటు తిరిగి పడుకుంది. చెప్పలేదు.